మా అర్బన్ హెల్త్ సెంటర్ సిస్టర్లకి 5కి 4, ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కూడా రాశా

ముందే చెప్పేస్తున్నా, ఇది ఏసీ, చేపల తొట్టి, గోడ మీద మిక్కీ మౌసు బొమ్మలు ఉన్న పిల్లల ఆసుపత్రి రివ్యూ కాదు. వైజాగ్‌లో కంచరపాలెం, మర్రిపాలెం మధ్యలో మా వార్డుకి ఉన్న గవర్నమెంటు అర్బన్ హెల్త్ సెంటరు. ముందు ఒక వేపచెట్టు, దాని నీడలో మూడు బండ్లు పెడితే నాలుగోది రోడ్డు మీదే. పోయినేడాది వరకు నేను అక్కడికి టీకాలకి తప్ప దేనికీ వెళ్ళలేదు, ఒంట్లో బాలేకపోతే ప్రైవేటే అనుకునే బ్యాచ్ మాది. ఇప్పుడు మా ఇద్దరు పిల్లల్లో ఎవరికి నలతగా ఉన్నా ముందు అక్కడికే పోతున్నాం. డాక్టరు గారు బానే చూస్తారు, ఆయన గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు, నేను రాసేది బయట గదిలో టేబుల్ దగ్గర కూర్చునే ఇద్దరు సిస్టర్ల గురించి.

మొదలు ఆగస్టులో అయింది, 2025. మా చిన్నోడికి అప్పటికి 13 నెలలు. జ్వరం, ముక్కు కారడం, దగ్గు. మా ఇంటి దగ్గర ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్ళాం, పేరు వద్దులెండి. గంటన్నర కూర్చుంటే రెండు నిమిషాలు చూశారు, చొక్కా కూడా తియ్యలేదు, ఐదు సీసాలు రాశారు, అందులో ఒకటి యాంటీబయాటిక్. ఏది దేనికి అని అడిగితే మెడికల్ షాపు అబ్బాయి చెప్తాడమ్మా అన్నారు. షాపు అబ్బాయి మూతల మీద స్కెచ్ పెన్నుతో 1-0-1 అని గీసి ఇచ్చేశాడు. ఇంటికొచ్చాక వాడు రెండు సీసాలు తాగించేలోపే అంతా నా మీద కక్కేశాడు. రాత్రంతా జ్వరం. పక్కింటి అక్క (వాళ్ళాయన పోర్టులో పని) పొద్దున్నే చూసి, ఇంత కష్టపడే బదులు మన సెంటర్‌లో సిస్టరు గారికి ఒకసారి చూపించొచ్చుగా అంది. నాకు నమ్మకం లేదు కానీ ఇంకో నాలుగొందలు ఫీజు కట్టే ఓపిక కూడా లేదు, వెళ్ళాం.

అక్కడ మొదట జరిగింది ఏంటంటే సిస్టర్ వాడిని ముట్టుకోలేదు. ఒళ్ళో అలాగే పడుకోబెట్టుకో అమ్మా, ఏడిపించకు అంది. నెమ్మదిగా చొక్కా పైకి లేపి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, వాడి పొట్ట వంకే చూస్తూ కూర్చుంది. పూర్తిగా ఒక నిమిషం. వెనక పది మంది లైన్లో ఉన్నారు, ఒకాయన ఏటి మేడమ్ ధ్యానమా అని కూడా అన్నాడు, ఆవిడ తల తిప్పలేదు. తర్వాత 36 అని రాసుకుంది. నేను అడిగితే అప్పుడు చెప్పింది, ఏడాది దాటిన పిల్లాడు నిమిషానికి 40 సార్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అని అనుమానించాలి, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్ళకి ఆ లెక్క 50, రెండు నెలలు కూడా నిండని పసివాళ్ళకి 60. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుందట, పిల్లలు ఒకే తీరుగా ఊపిరి తియ్యరు కదా, అందుకే నిమిషం మొత్తం చూడాలి, అదీ ఏడుపు ఆపాక. తర్వాత డొక్కలు చూపించింది. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద భాగం లోపలికి గుంట పడుతుందా లేదా చూడు, పడితే రాత్రా పగలా అని చూడకుండా పరిగెత్తాలి అంది. డొక్కలెగరేస్తున్నాడు అని మా అమ్మమ్మ అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నా, దాని అర్థం నా కళ్ళతో చూపించింది మాత్రం ఈవిడే.

అంతా అయ్యాక డాక్టరు గారు చూశారు, చెవులు చూశారు, గొంతు చూశారు, మామూలు వైరల్ జలుబే, యాంటీబయాటిక్ ఆపెయ్యండి అన్నారు. మళ్ళీ సిస్టర్ దగ్గరికే పంపారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఏమేం మందులు వేస్తున్నావో సీసాలన్నీ చూపించు అంది సిస్టర్. సంచీలోంచి తీసి పెట్టా. పారాసెటమాల్ సీసా పట్టుకుని, ఇది ఎవరిదమ్మా అంది. మా పెద్దదానిది, దానికి ఆరేళ్ళు, ఇంట్లో ఉందని రాత్రి అదే వేశా, 5 ఎమ్ఎల్ చొప్పున రెండు సార్లు. ఆవిడ వాడిని తూకం వేసింది, 9 కేజీలు. కాగితం మీద నాకే లెక్క చేయించింది. కేజీకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు అంటే వాడికి ఒక డోసు ఎక్కువలో ఎక్కువ 135. పెద్దదాని సీసా మీద 5 ఎమ్ఎల్‌లో 250 అని ఉంది. అంటే దాదాపు రెట్టింపు వేసేశా. నా కాళ్ళు వణికాయి, నిజంగా. ఆవిడ తిట్టలేదు, కంగారు పడకు, రెండు డోసులే కదా, మధ్యలో ఏడెనిమిది గంటలు గ్యాప్ ఉంది, ఇంక ఇది వెయ్యకు అని, డాక్టరు గారికి కూడా చెప్పి వచ్చింది. పారాసెటమాల్‌లోనే చుక్కల మందు వేరు, 120 సిరప్ వేరు, 250 సిరప్ వేరు, డబ్బాలు మాత్రం ఒకేలా ఉంటాయి, చుక్కల మందైతే ఒక్క ఎమ్ఎల్‌లోనే 100 ఉంటుంది, దాన్ని సిరప్ అనుకుని స్పూనుతో పోసిన తల్లులు కూడా ఉన్నారట. వాడికి 120 సీసా ఇచ్చి దాని మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో చిన్నోడు, 5 ఎమ్ఎల్, 6 గంటలకోసారి, రోజుకి 4 దాటొద్దు అని రాసింది. పెద్దదాని సీసా మీద పెద్దది అని రాసింది. ఇదంతా చేసి మళ్ళీ, ఇప్పుడు నువ్వు చెప్పు తల్లీ ఇంటికెళ్ళి ఏం చేస్తావో అంది. స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పా. ఒకచోట తప్పు చెప్తే మళ్ళీ చెప్పించింది. ఆ అప్పజెప్పించుకోవడం అనేది ఇంకెక్కడా చూడలేదు నేను, ఇన్నేళ్ళలో ఇన్ని క్లినిక్‌లు తిరిగి.

దగ్గు సిరప్ ఇవ్వండి మేడమ్ అని అడిగా. లేదంది. ఉండి ఇవ్వట్లేదో లేక ఇవ్వకూడదో నాకు అర్థం కాలేదు, మనసులో విసుక్కున్నా కూడా. ముక్కులో ఉప్పునీటి చుక్కలు వెయ్యి, ఏడాది నిండింది కాబట్టి గోరువెచ్చటి నీళ్ళలో కాస్త తేనె ఇవ్వచ్చు, ఏడాది లోపైతే తేనె నాకించనే కూడదు అని చెప్పి పంపింది. తర్వాత అక్టోబరులో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారని టీవీల్లో వచ్చింది కదా, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిందని తేలడం, రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకి మామూలుగా అవసరం లేదని కేంద్రం చెప్పడం, ఆ రోజు టీవీ ముందు కూర్చుని నేను ఆవిడ మీద విసుక్కున్నది గుర్తొచ్చింది. వాడి దగ్గు వారం పది రోజులుండి అదే పోయింది.

మా అత్తయ్య మాత్రం మొదట్లో అస్సలు ఒప్పుకోలేదు. ఆవిడది టెక్కలి వైపు. "ఏటమ్మా ఆ సిస్టరు, మందులియ్యకుండా మాటలు సెప్పి పంపేసింది, గుంటడు ఒళ్ళు కాలిపోతంటే" అని సాయంత్రం దాకా గొణుగుడు. ఆగస్టు నెల, వైజాగ్ ఉక్కపోత మీకు తెలుసు, గోడలు కూడా చెమట పడతాయి, ఆ ఉక్కలో వాడికి స్వెట్టరు, మంకీ క్యాపు, సాక్సులు. సిస్టర్ చెప్పింది పల్చటి బట్టలు వెయ్యి, ఫ్యాన్ వెయ్యి, చల్లనీళ్ళ గుడ్డ పెట్టకు వణుకొస్తుంది అని. ఇంకో గొడవ కర్పూరం. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాయడం మా ఇంట్లో తరాల నుంచి ఉంది. చిన్నపిల్లలకి కర్పూరం ఒంట్లోకి పోతే ఫిట్స్ రావచ్చని సిస్టర్ చెప్పింది. అత్తయ్య నమ్మలేదు. రెండో సారి అత్తయ్యనే తీసుకెళ్ళా. సిస్టర్ తెలివి చూడండి, కర్పూరం తప్పు అనలేదు, "అమ్మా మీ చేతిలో పెరిగిన పిల్లలు ఎంత మంది?" అని అడిగింది. ఐదుగురు అంది అత్తయ్య. అయితే మీకు నాకంటే బాగా తెలుసు, ఒట్టి కొబ్బరినూనె రాయండి, కర్పూరం దేవుడికి ఉంచండి అంది. అంతే, అప్పట్నుంచి ఆ సిస్టరు మంచి పిల్ల అయిపోయింది. కాటుక బొట్టు జోలికి, దిష్టి తీసే జోలికి ఆవిడ అసలు పోలేదు, వాటితో నష్టం లేదులే అనుకుందేమో, కంట్లో మాత్రం పెట్టొద్దు అంది.

నవంబరులో విరేచనాలు. ఇది రాయడానికి చాలా ఉంది. పొద్దున్నుంచి మధ్యాహ్నానికి ఏడు సార్లు, నీళ్ళలాగా. మా ఆయన మెడికల్ షాపుకి పరిగెత్తి ఓఆర్ఎస్ అని అట్టపెట్టె డ్రింకు తెచ్చాడు, యాపిల్ రుచి, స్ట్రా కూడా ఉంది. వాడు ఇష్టంగా తాగాడు, ఇంకో రెండు సార్లు ఎక్కువ వెళ్ళాడు. సెంటర్‌కి పట్టుకెళ్తే సిస్టర్ ఆ డబ్బా చూసి తలకొట్టుకుంది. తీపి మరీ ఎక్కువైతే అది పేగుల్లోకి నీళ్ళని లాక్కుంటుంది, మోషన్ ఇంకా పల్చబడుతుంది, అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్ళకి గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది, మిగతాది లవణాలు, ఇది జ్యూసు అంది. అప్పటికి నెల ముందే, 2025 అక్టోబరులోనే, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాటే వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి పదార్థాల మీద రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) ఆర్డరు ఇచ్చింది, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చిన ఆర్డరు అది, మా సందులో షాపు దాకా రావడానికి ఇంకా టైం పట్టిందన్నమాట.

సిస్టర్ వాడి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది, వెంటనే వెనక్కి పోయింది. కళ్ళు లోపలికి పోయాయా, ఏడిస్తే కన్నీళ్ళొస్తున్నాయా, ఉచ్చ ఎప్పుడు పోశాడు, గ్లాసు నోటి దగ్గర పెడితే ఎలా తాగుతున్నాడు, ఆత్రంగానా, మామూలుగానా, తాగలేకపోతున్నాడా. ఒంట్లోంచి నీరు మరీ ఎక్కువ పోలేదు, ఇంట్లోనే చూసుకోవచ్చు అంది. తర్వాత క్లాసు. లీటరు వాటర్ బాటిల్ ఉందా? ఉంది. కాచి చల్లార్చిన నీళ్ళు అందులో నిండా పొయ్యి, ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టు మొత్తం ఒకేసారి వెయ్యి, సగం సగం వెయ్యకు, పంచదార కలపకు, పాలలో కలపకు, 24 గంటలు దాటితే పారబొయ్యి. మోషన్ అయినప్పుడల్లా పావు గ్లాసు నుంచి అర గ్లాసు, అదీ గడగడా కాదు, స్పూనుతో, నిమిషానికో స్పూను. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇంకా నెమ్మదిగా. ఈ పది నిమిషాల ఆగడం అనేది నాకు తెలీదు, కక్కాడంటే ఇంక వద్దేమో అనుకుని ఆపేసేదాన్ని, అలా ఆపడం వల్లే పిల్లలు వడిలిపోతారట.

జింకు మాత్రలు కూడా అక్కడే ఫ్రీగా ఇచ్చారు. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, స్పూనులో నీళ్ళు పోస్తే మాత్ర దానంతటదే కరుగుతుంది. 14 రోజులు. మోషన్స్ నాలుగో రోజుకే ఆగాయి, నేను ఐదో రోజు మాత్ర మానేశా, ఎందుకులే అని. ఆరో రోజు ఫోన్. "అమ్మా, ఈ రోజు జింకు వేశావా?" మన నంబరు రాసుకుని గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తారని ఎవరనుకుంటారు! అబద్ధం చెప్పబోయి చెప్పలేకపోయా. మిగతా రోజులు కూడా వేస్తే పేగు లోపల పొర బాగుపడుతుంది, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్ళీ రాకుండా కొంత కాపాడుతుంది అని చెప్పింది, పూర్తి చేశాం.

తిండి దగ్గర మళ్ళీ అత్తయ్య. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు, కడుపు మాడిస్తేనే కట్టుకుంటుంది అని. సిస్టర్ దానికి కూడా నవ్వి, ఆ మాట పెద్దోళ్ళకమ్మా, పదహారు నెలల పిల్లాడికి కాదు అంది. తల్లిపాలు ఆపొద్దు, పెరుగన్నం, పప్పన్నం, అరటిపండు, కొంచెం కొంచెం ఎక్కువ సార్లు. తగ్గాక రెండు వారాలు రోజుకో పూట అదనంగా పెట్టమంది, టీకాల కార్డులో బరువు చుక్క పెట్టి గీత కిందికి వంగడం చూపించింది. నాకు ఆ గీతలున్నాయనే తెలీదు, కార్డు మొత్తం ఎప్పుడూ తిప్పి చూడలేదు. రెండు వారాలకి మళ్ళీ తూకం వేస్తే 250 గ్రాములు పెరిగాడు.

జ్వరమొచ్చినప్పుడల్లా ఆవిడ చెప్పే నాలుగు మాటలు ఇప్పుడు మా ఫ్రిజ్ మీద అంటించి ఉన్నాయి. ఏమీ తాగలేకపోవడం, తాగిందల్లా కక్కేయడం, ఫిట్స్ రావడం, లేపినా సరిగ్గా లేవకుండా మత్తుగా ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సెంటర్‌కి కూడా రావొద్దు, 108కి ఫోన్ చెయ్యి, కేజీహెచ్‌కి (మా వైజాగ్ పెద్ద గవర్నమెంటు ఆసుపత్రి) పో. వానాకాలం జ్వరాలకి ఇంకోటి కలిపింది, డెంగ్యూ టైం కాబట్టి పారాసెటమాల్ ఒక్కటే, ఐబుప్రొఫెన్ కలిసిన కాంబినేషన్ సిరప్ ఇంట్లో ఉన్నా వెయ్యకు, జ్వరం తగ్గిందని సంబరపడకు, తగ్గిన తర్వాతి రోజుల్లోనే కడుపునొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం లాంటివి చూసుకోవాలి అని.

కేజీహెచ్ అంటే గుర్తొచ్చింది. జనవరిలో నేను లైన్లో ఉన్నప్పుడు ఒక అమ్మాయి ఐదు వారాల పసిగుడ్డుని తెచ్చింది, జ్వరం, పాలు సరిగ్గా తాగట్లేదు అని. సిస్టర్ ఊపిరి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇంత పసివాళ్ళకి 60 దాటితే రెండో సారి కూడా చూడాలంట. రెండు సార్లూ దాటింది. ఇంక అంతే, మిగతా లైనంతా ఆగిపోయింది, ఒక సిస్టర్ డాక్టరు గారిని లేపుకొచ్చింది, ఇంకో సిస్టర్ 108. బిడ్డని తల్లి గుండెకి ఆనించి పైన చీర కప్పి, దారిలో తాగగలిగితే పాలు పట్టమని చెప్పి, చీటీ మీద అంకెలన్నీ రాసి ఎక్కించారు. మొత్తం పావుగంట పట్టలేదు. రెండు నెలల లోపు పిల్లలకి జ్వరం వస్తే ఇంట్లో చుక్కలు వేసి ఎదురుచూడకూడదని ఆ రోజు అక్కడున్న తల్లులందరికీ తెలిసింది. ఆ బిడ్డ తర్వాత టీకాకి వచ్చిందని పక్కింటి అక్క చెప్పింది.

మా పెద్దదానికి చలికాలంలో పిల్లికూతలు వస్తాయి. ఇన్హేలరు, దానికి డబ్బాలాంటి స్పేసరు బయట కొన్నాం, కానీ ఎలా వాడాలో నేర్పింది మాత్రం ఈ సిస్టరే, ఒక్కోసారి ఒక్క పఫ్పే, డబ్బాలో ఐదారు సార్లు మామూలుగా ఊపిరి పీల్చాక రెండోది. మేము రెండు మూడు ఒకేసారి కొట్టేవాళ్ళం. అలవాటు పడిపోతుంది అని చుట్టాలు భయపెట్టారు, పడలేదు.

ఇక ఆ ఒక్క స్టారు సంగతి. బుధవారం, శనివారం టీకాలు, ఆ రోజుల్లో జబ్బు పిల్లలతో వెళ్ళకండి, నిలబడటానికి కూడా చోటుండదు, పైగా బాగున్న పసిపిల్లల మధ్య దగ్గే పిల్లాడిని కూర్చోబెట్టాలంటే మనకే ఇబ్బంది. రాత్రి ఉండదు, ఆదివారం ఉండదు, పిల్లల జ్వరాలేమో కరెక్టుగా శనివారం రాత్రే మొదలవుతాయి. బాత్రూమ్ గురించి రాయను. పాలివ్వడానికి ఒక పరదా కట్టారు, దాని వెనక ఒకటే కుర్చీ. ఒకసారి జింకు అయిపోయింది, బయట కొనుక్కోవాల్సొచ్చింది. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, ఆ సిస్టర్లు సగం రోజు ట్యాబ్‌లో ఎంట్రీలు కొట్టుకుంటూ ఉంటారు, సర్వరు పని చెయ్యదు, ఓటీపీ రాదు, ఎదురుగా పిల్లలు ఏడుస్తుంటారు. పది మందిలో ఒక్కొక్కరికి నిమిషం పూర్తిగా చూసే మనిషిని కూర్చోబెట్టి అంకెలు కొట్టించడం ఏంటో. ఒక స్టారు తగ్గించింది వాళ్ళకి కాదు, ఆ ట్యాబ్‌కి.

వెళ్ళేవాళ్ళకి, సోమ, మంగళ, గురువారాల్లో పొద్దున పదిలోపు వెళ్ళండి. టీకాల కార్డు, ఇంట్లో వేస్తున్న మందుల సీసాలు అన్నీ పట్టుకెళ్ళండి, సిగ్గుపడకండి. ఓపీ చీటీకి ఆధార్ అడుగుతారు. చెప్పులు బయట విప్పాలి, కొత్తవి వేసుకెళ్ళకండి, నావి పోయాయి.